జీను లేని గుర్రం, బాపమ్మ ముడి

మా అమ్మాయి కరుణ నా ఎడమ కాలును బడిపంతులు బెత్తంలా వాడుకుంటుంది. పిల్లలు గోడెక్కినా, స్కూటర్ నేర్చుకుంటామన్నా, వాగు నిండింది చూసొస్తామన్నా ముందు నా కాలు చూపిస్తుంది. "అమ్మమ్మ నడుసుడు చూసినవా? ఇష్టమొచ్చినట్టు జేస్తె గట్లనే అయితది" అంటుంది. డెబ్బై దాటిన మనిషిని. మెదక్‌లో సగం మందికి లెక్కలు చెప్పి, చెవులు మెలేసి, రిటైరై కూర్చున్నదాన్ని. అయినా నా కాలు గురించి నన్నెవరూ అడగరు. నేను కుర్చీలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటాను, నా ఎదుటే నా కథ నడుస్తుంటుంది. అమ్మమ్మ చిన్నప్పుడు జీను లేకుండా గుర్రమెక్కింది, కింద పడింది, కాలు విరిగింది. మూడు ముక్కల్లో అయిపోతుంది. అందులో మొదటి ముక్క నిజం, చివరి ముక్క నిజం. మధ్యది అబద్ధం. ఆ అబద్ధం చెప్పింది కూడా నేనే, పన్నెండేళ్ళప్పుడు, దవాఖాన మంచం మీద పడుకుని.

ఆ సంగతి మళ్ళీ తవ్వుకోవాల్సి వస్తుందని అనుకోలేదు. కరుణ బిడ్డ లిడియాకు పద్నాలుగేళ్ళు. మనోహరాబాద్ వైపు ఎవరో పొలంలో గుర్రాలు పెట్టి సవారీ నేర్పిస్తున్నారట, శనివారం శనివారం అక్కడికి పోతుంది. తలకు టోపీ, ఒంటికి దళసరి కోటు, కాళ్ళకు బూట్లు. ఫోటోల్లో చూస్తే గుర్రం మీదికి పోతుందా, యుద్ధానికి పోతుందా అనిపిస్తుంది. పోయిన నెల ఒక ఆదివారం చర్చి అయ్యాక అందరం మా ఇంట్లో అన్నాలు తింటుంటే బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. వచ్చే క్లాసుల్లో జీను తీసేసి ఉత్త వీపు మీద కూర్చోబెట్టి నేర్పుతారట. దానికి తల్లో తండ్రో సంతకం పెట్టాలి.

"నేను సంతకం పెట్ట" అంది కరుణ, కాగితం చూడకుండానే.

"మమ్మీ, బ్యాలెన్స్ రావాలంటె గదే నేర్చుకోవాలని సార్ చెప్పిండు."

"సార్‌కేం, చెప్తడు. కాలు ఇరిగేది నీది. అమ్మమ్మను చూసి కూడ అడుగుతున్నవా?"

లిడియా నా వైపు తిరిగింది. "అమ్మమ్మా, నువ్వు చెప్పు. సేఫా, కాదా? నువ్వే కదా ఎక్కింది."

అందరూ నన్ను చూశారు. నన్ను అంటే నా కాలును. నేను గ్లాసెడు నీళ్ళు తాగి, "మీ అమ్మ ఇష్టం" అని చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాను. అరవై ఏళ్ళయినా నా నోరు అక్కడే ఆగిపోతుందని అప్పుడు తెలిసింది. నా మీద నాకే రోత పుట్టింది.

మా నాయిన టాంగా తోలేవాడు. అప్పట్లో మెదక్‌కు రైలు లేదు. రైలెక్కాలంటే అక్కన్నపేట స్టేషనుకు పోవాల్సిందే. అక్కడికి సవారీలు వేసుకుపోవడం, వచ్చేటప్పుడు దిగినవాళ్ళను వేసుకురావడం ఆయన పని. చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు, ఇంటి వెనక గుర్రపు కొట్టం. మా అమ్మ నన్ను కని నెల తిరక్కుండానే పోయింది. నన్ను పెంచింది నాయిన తల్లి, మా బాపమ్మ. ముగ్గురు మనుషులం, ఒక గుర్రం. ఎర్రటి ఆడగుర్రం, నొసట తెల్లటి చుక్క. దానికి నాయిన ఎస్తేరని పేరు పెట్టాడు. నా పేరు రూతు. బైబిల్లో ఆడవాళ్ళ పేరుతో ఉన్న పుస్తకాలు రెండేనని, అందులో ఒకటి ఇంట్లో, ఒకటి కొట్టంలో ఉన్నాయని నాయిన నవ్వేవాడు. పాస్టరు గారికి ఇది నచ్చలేదు. అందుకని ఆయన టాంగా ఎక్కిన రోజు మాత్రం దాన్ని "రాణీ" అని పిలిచేవాడు నాయిన. ఎస్తేరు ఆ పేరుకు చెవి కూడా కదిపేది కాదు. పాస్టరు గారేమో మీ గుర్రానికి చెవుడా అని అడిగేవారు.

మా ఇంటి వాసన అంటే నాకు ఇప్పటికీ ఉడికిన ఉలవల వాసనే. పొద్దున్నే బాపమ్మ ఒక పొయ్యి మీద మాకు జొన్న గట్క, ఇంకో పొయ్యి మీద గుర్రానికి ఉలవలు పెట్టేది. ఏ కుండ ఎవరిదో తెలియని చుట్టాలు గుర్రం కుండలోంచి గిన్నెలోకి వడ్డించుకుని, బాగున్నాయని మెచ్చుకుని పోయిన రోజులున్నాయి. కొట్టంలో గడ్డి, లద్దె, చెమట పట్టిన తోలు పట్టాలు, నాయిన బీడీ. ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చోవడానికి తోటి పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. నాకేం సిగ్గనిపించేది కాదు, వాళ్ళకు గుర్రం లేదు పాపమనుకునేదాన్ని.

సాయంత్రం టాంగా ఇంటికి రాగానే నాయిన ఎస్తేరు ఒంటి మీది పట్టాలన్నీ విప్పేవాడు. అప్పుడది ఒళ్ళంతా ఒకసారి జాడించేది, మెడ నుంచి తోక దాకా. గోనెపట్టాతో తుడిచాక దాన్ని వాగుకు తీసుకుపోయి నీళ్ళు తాపి, ఇసుకలో పొర్లించి తీసుకురావాలి. రోజంతా బరువు లాగిన గుర్రానికి పొర్లుడే మందు. పొర్లకపోతే రాత్రి తిండి తినదు, కొట్టంలో కాళ్ళు కొడుతుంటుంది. ఆ వాగు పని నా ఎనిమిదో ఏట నుంచి నాది. మొదట్లో నాయిన పక్కన నడిచేవాడు, తరవాత తరవాత వెనక దూరంగా బీడీ కాల్చుకుంటూ వచ్చేవాడు.

కొట్టం పక్క పిట్టగోడ ఎక్కి అక్కడి నుంచి దాని ఉత్త వీపు మీదికి జారేదాన్ని. జీను మీద కూర్చున్నవాళ్ళకు ఇది ఎంత చెప్పినా తెలియదు. చలికాలం పొద్దుగూకే వేళ కాళ్ళ కింద ఆ వెచ్చదనం, లంగా లోంచి తొడల దాకా పాకేది. అది ఊపిరి తీసుకుంటే నా కాళ్ళు రెండూ కొంచెం దూరమయ్యేవి, వదిలితే దగ్గరయ్యేవి. అడుగు వేయబోయే ముందే దాని భుజం కదలిక నాకు అందేది. కుడికి తిరగాలనుకుంటుందా, కుక్కను చూసి ఉలిక్కిపడబోతుందా, అన్నీ దాని కంటే అర క్షణం ముందు నాకు తెలిసేవి. సందు దాటి మెట్ట చెలకల్లోకి రాగానే మడమలు ఆనించకుండానే, నేను కొంచెం ముందుకు వంగితే చాలు పరుగెత్తేది. నా జడలు వీపు మీద టపటపా కొట్టుకునేవి. నేను గట్టిగా నవ్వేదాన్ని, ఏమీ లేకపోయినా. బతుకులో చాలా సంతోషాలు చూశాను, పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం. ఏదీ దాని కాలి గోటికి సరిపోదు. ఈ మాట మా ఆయన ఉన్నప్పుడు రాయలేకపోయాను.

నాయిన నేర్పిన పాఠాలు కొన్నే. "మూపు ఎనకనే కూసో. మోకాళ్ళతోని పిసుకకు, పిసికితె ఉరుకుమన్నట్టు దానికి. తడిసిన గోనెసంచి తీర్గ ఇడిశిపెట్టుకోని కూసో." జూలు కుదురు దగ్గర పట్టుకుంటే గుర్రానికి నొప్పి ఉండదని చూపించాడు, నమ్మకపోతే తన జుట్టు పట్టుకుని వేలాడమన్నాడు, వేలాడాను కూడా. పడేటప్పుడు ఏం చెయ్యాలన్నది మాత్రం రోజూ చెప్పేవాడు. "పడేటట్టున్నవా, చేతులు ఇడువు. పట్టుకున్నోడు పోతడు, ఇడిసినోడు ఇంటికొస్తడు." అట్లా నేను బోలెడు సార్లు పడ్డాను. ముళ్ళ కంపలో పడ్డాను, పేడలో పడ్డాను, ఒకసారి చాకలివాళ్ళు ఆరేసిన దుప్పట్ల మీద పడి తిట్లు తిన్నాను. దులుపుకుని లేచేదాన్ని. ఎస్తేరు నాలుగడుగులు పోయి ఆగి, వెనక్కి తిరిగి చూసేది. పొర్లుడు గురించి కూడా చెప్పాడు. ముందు కాలితో ఇసుక గీకిందంటే, తల దించి ముక్కుతో ఊదిందంటే, మోకాళ్ళు వంచబోతుందని అర్థం. ఆ లోపల పక్కకు జారి దిగెయ్యాలి. నాకది ఆట. ఎంత ఆలస్యంగా జారితే అంత మొనగత్తెనని.

మా ఇంట్లో జీను లేదు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని కిరాయికి అడిగేవాళ్ళు వస్తే, జీను తెస్తామన్నవాళ్ళను నాయిన వాకిట్లోంచే పంపేసేవాడు. ఎందుకని అడిగితే చాలా రోజులు చెప్పలేదు. నాకు పదేళ్ళప్పుడు ఒకసారి వాగు ఒడ్డున కూర్చుని చెప్పాడు. ఆయనకు ఒక అన్న, సామేలు పెద్దనాయిన. కుల్చారం వైపు ఒక దొర దగ్గర గుర్రాలు చూసేవాడు. నేను పుట్టక ముందే పోయాడు. గుర్రం మీంచి పడి, తల రాయికి తగిలి పోయాడని ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. బాపమ్మ ప్రతి ప్రార్థనలో ఆ మాట వచ్చేది, "పడిన నా బిడ్డను లేపుకున్న తండ్రీ" అని.

"పడి సావలేదు బిడ్డా మా అన్న" అన్నాడు నాయిన. "పడుడు మంచిగనే పడ్డడు. కాలు రికాబుల ఇరికింది. జీనుకు ఇనుప కడెం ఉంటది సూడు, కాలు పెట్టేది, గండ్ల. గుర్రం బెదిరి రెండు చెల్కల దూరం ఈడ్సుకపోయింది. నేను పొయ్యేవరకు మొఖం లేదు."

నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆయన నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు. "గిది బాపమ్మకు తెల్వదు. తెలిస్తె తట్టుకోదు. తల రాయికి తాకి వెంటనే పాణం పోయిందని చెప్పినం, గుడ్డల చుట్టి మొఖం సూపియ్యలె. నువ్వు ఎన్నడన్న నోరు జారితివా, నా మీద ఒట్టు." నోట్లో నువ్వు గింజ నానని పిల్లనని పేరు నాకు. ఆ ఒక్క సంగతి మాత్రం నానబెట్టుకున్నాను.

బాపమ్మ దవాఖానలో ఆయా. పుట్టిన పిల్లలను కడిగి, తెల్ల గుడ్డలో బిగించి చుట్టి తల్లి పక్కన పడుకోబెట్టేది. చుట్టడంలో ఆమెకు సాటి లేదు. ఆమె చుట్టిన పిల్ల చెయ్యి బయటికి తీయాలంటే నర్సమ్మలకు కూడా చేతనయ్యేది కాదట. ఇంట్లోనూ అంతే, కనపడిందల్లా కట్టేది. పాలకుండ మూతికి గుడ్డ, కోడి కాలికి దారం, డబ్బా మూతకు చీరపేలిక. నేను నడక నేర్చే రోజుల్లో నా నడుముకు పాత చీర కొంగు కట్టి, రెండో కొస మంచం కోడుకు కట్టి డ్యూటీకి పోయేదట. పక్కింటివాళ్ళు పాలు తాగించేవాళ్ళే కానీ ముడి విప్పేవాళ్ళు కాదు, విప్పలేక. నన్ను ఎంత ప్రేమించేదో అంత గట్టిగా కట్టేది. నేను గుర్రమెక్కిన నాటి నుంచి ఒకటే పాట. "నడుముకు ఒక గుడ్డ కట్టి దాని కడుపుకు చుడ్తె ఏం పోతదిరా? పిల్ల పడకుంట ఉంటది కద." నాయిన ఎప్పుడూ గట్టిగా మాట్లాడనివాడు, ఆ మాటకు మాత్రం కసురుకునేవాడు. "కట్టద్దంటె కట్టద్దు అమ్మా. గుర్రం మీద మనిషిని కట్టద్దు." ఎందుకో చెప్పేవాడు కాదు. చెబితే అన్న చావు చెప్పాలి. ఆమె మూతి ముడుచుకుని, "ఒక బిడ్డను గుర్రానికి ఇచ్చిన, సాలదా?" అనేది. ఆయన బయటికి పోయేవాడు. ఆమెకు పడడం ఒక్కటే తెలుసు. కొడుకు పడే పోయాడని నమ్మింది కాబట్టి పడనియ్యకుండా ఉంటే చాలనుకుంది. ఆమె స్థానంలో ఎవరున్నా అంతే అనుకుంటారు.

నాకు పన్నెండు నిండిన ఏడు నాయినకు చలిజ్వరం పట్టింది. మూడు రోజులు టాంగా కదల్లేదు. ఎస్తేరు కొట్టంలో కట్టుకొయ్య చుట్టూ తిరుగుతూ, గోడకు ఒళ్ళు రాసుకుంటూ, కాళ్ళు కొడుతూ ఇల్లంతా అదరగొట్టింది. మూడో రోజు పొద్దెక్కాక నాయిన కప్పుకున్న దుప్పట్లోంచి అన్నాడు, "రూతు తీస్కపోతది తీ. దానికేం భయం లేదు." బాపమ్మ సరేనంది. అంత సులువుగా సరేనన్నందుకే నాకు అనుమానం రావాలి.

నేను పిట్టగోడ మీంచి ఎక్కి కూర్చోగానే ఆమె కొట్టంలోకి వచ్చింది. చేతిలో పాత తెల్లచీర నిలువునా చింపి పేనిన గుడ్డ. తలుపు దగ్గరికి వేసి, నా నడుముకు రెండు చుట్లు తిప్పి, ఎస్తేరు కడుపు కింది నుంచి తెచ్చి మళ్ళీ నా నడుముకు కట్టింది. ముడి నా వెనక వేసింది, నా చెయ్యి అందకుండా.

"బాపమ్మా, వద్దు."

"ఎందుకొద్దు? నొస్తుందా?"

"నొస్తలేదు. కట్టద్దు. నాయిన తిడ్తడు."

"మీ నాయినకు చెప్పేటోళ్ళు ఎవరు? నువ్వు చెప్తవా, నేను చెప్తనా? ఎప్పుడు ఆయన ఎనుక ఉంటుండె. ఇయ్యాల ఒక్కదానివి పోతున్నవ్ బిడ్డా."

"కడితె ఇంకా పాణం మీదికొస్తది బాపమ్మా."

"ఎట్ల? చెప్పు, ఎట్లొస్తది?"

ఎట్లాగో నాకు తెలుసు. రెండు చెలకల దూరం ఎట్లాగో తెలుసు. ఆమె నా ముఖంలోకి చూస్తూ నిలబడింది, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నా చెయ్యి నాయిన తల మీద ఉన్నట్టే అనిపించింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేను "ఏం లేదు" అన్నాను. ఆమె నా మోకాలు నిమిరి, "ప్రభువు కూడ ఉంటడు, పో" అంది.

దారంతా ఆ గుడ్డ నా నడుమును కొరుకుతూనే ఉంది. ఎప్పుడూ ఉన్న ఆనందం లేదు. ఎస్తేరు ఊపిరి తీసుకుంటే గుడ్డ బిగిసేది, నా ఊపిరి ఆగేది. నడిచినంతసేపు వెనక్కి చెయ్యి పెట్టి ముడి కోసం వెతుకుతూనే ఉన్నాను. వేళ్ళ కొసలకు తగిలేది, అంతే. వాగులోకి దిగి అది కడుపు దాకా నీళ్ళలో నిలబడి తాగింది. గుడ్డ తడిసింది. తడిసిన గుడ్డ ముడి గురించి చెప్పక్కర్లేదు కదా. ఒడ్డుకు రాగానే ఇసుక చూసింది. మూడు రోజుల నుంచి పొర్లని గుర్రం.

ముందు కాలితో గీకింది. తల దించి ఊదింది. నేను జూలు పట్టుకుని తల పైకి లాగాను, మడమలతో పొడిచాను, "నడువ్, నడువ్" అని అరిచాను. రోజూ ఈపాటికి నేను దిగిపోయి ఉండేదాన్ని. దానికి అదే తెలుసు, వీపు మీద నేను లేననే అనుకుని ఉంటుంది. మోకాళ్ళు వంచింది. ఒరిగే ఆ నాలుగు క్షణాలు నాకు అన్నీ గుర్తున్నాయి, నేల పైకి రావడం, రెండు చేతులూ ఇడిశిపెట్టడం. నాయిన చెప్పినట్టే ఇడిశిపెట్టాను. అయినా నేను అక్కడే ఉన్నాను.

ఎడమ కాలు దాని కింద పడింది. ఇసుకలో ఎక్కడో ఒక రాయి ఉంది. కాలు విరిగిన చప్పుడు చెవితో కాదు, పళ్ళలో విన్నాను. అది పూర్తిగా పొర్లి ఉంటే ఇది రాయడానికి నేను లేను. నా కేకకు ఆగిపోయింది. పక్క మీద పడుకుని, మెడ తిప్పి నన్ను చూస్తూ, ముక్కు పుటాలు ఎగరేస్తూ, కదలకుండా ఉండిపోయింది. లేస్తే నన్ను వేలాడేసుకుని లేస్తుంది, బెదిరితే పరుగెత్తుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. అందుకని ఏడుపు ఆపి, "ఎస్తేరూ, ఎస్తేరూ" అని మెల్లగా పిలుస్తూ పడుకున్నాను. ఎంతసేపో తెలియదు. దాని గుండె కొట్టుకోవడం నా కాలి మీద తెలుస్తూనే ఉంది.

మాకు రోజూ గడ్డి వేసే లచ్చవ్వ వాగు ఒడ్డున కోస్తోంది. పరుగెత్తుకొచ్చి ముందు గుర్రం మెడ మీద కూర్చుంది. తల లేపనియ్యకపోతే గుర్రం లేవలేదని టాంగావాళ్ళ దగ్గర తిరిగినామెకు తెలుసు. కొడవలితో గుడ్డ తెగ్గోసి, నన్ను చంకల కింద పట్టి లాగింది.

"ఎవరు కట్టిండ్రే నిన్ను? గుర్రానికి మనిషిని కడ్తరా ఎవరన్న?"

"ఎవ్వరికి చెప్పకు లచ్చవ్వా. నీ కాళ్ళు మొక్కుత."

ఆమె నా ముఖం చూసింది, గుడ్డను చూసింది. దవాఖాన చీర తెలుపు మెదక్‌లో ఎవరికి తెలియదు? ఆ ముక్కలు గడ్డిమోపులో దోపుకుంది. లచ్చవ్వ నోరు మంచిది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

దవాఖానలో మొదట బాపమ్మ వచ్చింది, డ్యూటీ చీరతోనే. వంగి నా చెవి దగ్గర అడిగింది. "ముడి జారిందా బిడ్డా?"

కట్టినందుకే కాలు విరిగిందని ఆమెకు తోచనే లేదు. ముడి ఊడి పడ్డాననుకుంది. జారలేదు బాపమ్మా, జారి ఉంటే నడుచుకుంటూ ఇంటికొచ్చేదాన్ని, అనొచ్చు. అంటే ఆమె రెండో బిడ్డను కూడా గుర్రానికి తానే ఇవ్వబోయిందని తెలుస్తుంది. నేను "జారింది" అన్నాను. బాపమ్మ తన చేతులు రెండూ చూసుకుంది. "ముసలిదాన్నయిన. చేతులల్ల బలం పోయింది" అని ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని, "నేను కట్టిన్నని మీ నాయినకు చెప్పకే. కట్టద్దన్నడు" అంది. అట్లా కొడుకు రహస్యం తల్లికి, తల్లి రహస్యం కొడుక్కి చెప్పకుండా ఇద్దరి మధ్యా నేను ఇరుక్కున్నాను. అడకత్తెరలో పోకచెక్క అన్న మాటకు అర్థం అప్పుడే తెలిసింది.

నాయిన జ్వరంతోనే వచ్చాడు, దుప్పటి కప్పుకుని. "పడ్డవా?" అన్నాడు. "పడ్డ." "చేతులు ఇడిసినవా?" "ఇడిసిన."  మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. ఇడిసినోడు ఇంటికొస్తాడని నాలుగేళ్ళు చెప్పిన మనిషి.

తొడ నుంచి పాదం దాకా సిమెంటు కట్టు కట్టి మూడు నెలలు ఇంట్లో పడుకోబెట్టారు. ఇల్లంటే ఒక మంచం, ఒక కిటికీ, ఇంటి వెనక గోడ. గోడకు అవతల కొట్టం. సాయంత్రం ఆ వేళకు ఎస్తేరు కాళ్ళు కొట్టేది, నేను మంచం పట్టె మీద వేళ్ళతో కొట్టేదాన్ని. కట్టు లోపల దురద పెడితే బాపమ్మ చీపురు పుల్లతో గోకేది. పక్కకు తిరగడానికి కూడా ఇంకొకరు కావాలి. నేను నోరు తెరిస్తే చాలు, నాయిన నన్ను మళ్ళీ గుర్రమెక్కిస్తాడు. ఆ సంగతి రోజుకు పదిసార్లు అనుకునేదాన్ని. నా పక్కనే కింద చాప మీద బాపమ్మ కూర్చుని ఉండేది, నా గట్క చల్లార్చుతూ. రెండో నెలలో ఒక పొద్దున కొట్టంలోంచి చప్పుడు రాలేదు. టేక్మాల్ వైపు ఎవరికో ఎస్తేరును అమ్మేశాడు, టాంగాతో సహా. "నేను నేర్పిన పాపం" అని ఒక్క మాటే అన్నాడు. తరవాత హాస్టల్లో కావలి పనికి కుదిరాడు. గేటు దగ్గర స్టూలు మీద కూర్చునేవాడు. మళ్ళీ గుర్రం వీపు మీద చెయ్యి వెయ్యలేదు. నా కాలు రెండంగుళాలు పొట్టిదయింది. నేను చదువుకుని టీచరునయ్యాను, అందరూ మంచిదే అయిందన్నారు.

పోయిన ఆదివారం లిడియా మళ్ళీ వచ్చింది, ఆ కాగితం బ్యాగులోనే మడతలు పడి ఉంది. అన్నాలు కాగానే నేనే అడిగి తెప్పించి, ఇప్పుడు రాసినదంతా చెప్పాను, తల్లీకూతుళ్ళ ముందు. ఉత్త వీపు మీంచి పడితే మహా అయితే దెబ్బ తగులుతుంది కానీ, గుర్రానికి కట్టేసుకుంటే ప్రాణం పోతుందని చెప్పాను. మెత్తటి నేల మీద, నెమ్మదైన గుర్రం మీద, ఎప్పుడు జారి దిగాలో నేర్పేవాడు పక్కనుంటే భయం లేదని చెప్పాను. తలకు టోపీ మాత్రం తియ్యొద్దన్నాను, మా కాలంలో అవి లేనంత మాత్రాన మేం మొనగాళ్ళం కాదు.  "గింత కథ కడుపుల పెట్టుకోని గిన్నేండ్లు నన్ను నీ కాలు సూపియ్యనిచ్చినవా అమ్మా?" అని, కరుణ కాగితం లాక్కుని సంతకం పెట్టింది.

లిడియా ఇంకా నన్నే చూస్తోంది. "మరి ముత్తాతకు చెప్పినవా?"

"లేదు."

"ఎందుకు? ఆ బాపమ్మ ఆయనకంటె ముందే చనిపోయింది కదా?"

ఎందుకో ఆ పిల్లకు చెప్పలేకపోయాను. బాపమ్మ పోయాక నాయిన పన్నెండేళ్ళు బతికాడు. పన్నెండేళ్ళు రోజూ ఆయనకు టీ ఇచ్చాను. చెబితే, తల్లికి తాను దాచిన ముక్కే నా కాలు విరగ్గొట్టిందని ఆయనకు తెలుస్తుందని భయపడ్డాను. దానికంటే ఏదీ తెలియకపోవడమే మంచిదనుకున్నాను. ఈ రహస్యం గోడలు నాకొక్కదానికే ఉన్నాయనుకున్నాను. ఆయన కూడా లోపలే ఉన్నాడని చూడలేదు.

చివరి ఏడు ఒక సాయంత్రం వాకిట్లో మంచం మీద కూర్చుని, కప్పు చేతిలో పట్టుకుని, ముందూ వెనకా ఏమీ లేకుండా అడిగాడు. "రూతూ, నేను నేర్పిన దాంట్ల తప్పెక్కడ పోయింది బిడ్డా? ఎంత ఆలోచించినా దొరుకుతలేదు."

"నీ తప్పేం లేదు నాయినా. నేనే సరిగ కూసోలె."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "లేదు. నువ్వు మంచిగనే కూసుంటుంటివి. నీ తీర్గ ఎవ్వరు కూసోలె. నేనే ఎక్కడ్నో తప్పు నేర్పిన" అని, చల్లారిపోయిన టీ తాగేసి కప్పు నా చేతికిచ్చాడు. నేను కప్పు కడగడానికి లోపలికి పోయాను.

తప్పు నేర్పలేదు నాయినా. నన్ను కట్టేశారు, అంతే. ఈ రెండు మాటలు చెప్పడానికి నాకు ఎంతసేపు పట్టేది?